ఉప్పూ కారం పడకముందే బిడ్డ వాటా తీద్దాం

ఏడాది నిండిన బిడ్డ తిండికి మిక్సీ అక్కర్లేదు. వేరే వంటా అక్కర్లేదు. ఇంట్లో అందరికీ వండేదాంట్లోంచే, ఉప్పూ కారం పడకముందు ఓ గరిటెడు తీసి, చేత్తో మెదిపి, కంచంలో పెట్టి బిడ్డ ముందు ఉంచితే చాలు. నేను చెప్పదలచుకున్నది ఇదే. దీనికి ఇంత పొడుగు వ్యాసం ఎందుకంటే, ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ మొహంలో భయం కనిపిస్తుంది. ఆ భయానికి కారణాలున్నాయి. వాటన్నిటికీ జవాబు చెప్పాలని ఉంది.

మా అపార్ట్‌మెంట్ పార్కులో, పిల్లల డాక్టరు దగ్గర టోకెన్ పట్టుకుని కూర్చున్నప్పుడు, పెళ్ళిళ్ళలో, ఎక్కడ తల్లులతో మాట కలిపినా ఇదే వింటున్నాను: "మావాడు మెత్తగా లేకపోతే మింగడండీ. అన్నీ వేసి మిక్సీలో తిప్పాల్సిందే." వాడికి పదమూడో నెల. ఇంకొకరి పాపకు ఏడాదిన్నర. అన్నం, పప్పు, క్యారెట్, పాలకూర, ఓ చెంచా నెయ్యి, అన్నీ కలిపి తిప్పితే రోజూ ఒకటే రంగు, ఒకటే రుచి. క్యారెట్ తీపి ఎలా ఉంటుందో, పాలకూర వాసన ఎలా ఉంటుందో ఆ బిడ్డకు విడివిడిగా ఎప్పుడూ తెలియదు. కొన్నాళ్ళకు విసుగొచ్చి మొహం తిప్పుతుంది. అప్పుడు ఫోను బయటికొస్తుంది. స్క్రీన్ మీద బొమ్మలు కదులుతుంటే నోరు తెరుచుకుంటుంది, చెంచా లోపలికి వెళుతుంది. ఏం తిన్నదో బిడ్డకు తెలియదు, కడుపు నిండిందో లేదో కూడా తెలియదు. ఇలా తినిపించడం నాకు చూడ్డానికే బాధగా ఉంటుంది.

"పళ్ళు రాలేదు కదా" అన్నది మొదటి అభ్యంతరం. మనం నమిలేది దవడ పళ్ళతో. అవి పిల్లలకు మామూలుగా పదమూడో నెల తర్వాతే మొదలవుతాయి. ఏడాదికి చాలామందికి ఉండేవి ముందు పళ్ళే, అవి కొరకడానికి. కాబట్టి పళ్ళ కోసం ఆగితే రెండో ఏడంతా ఆగాల్సిందే. ఆ వయసులో నమిలే పని చిగుళ్ళది. అనుమానం ఉన్నవాళ్ళు బిడ్డ నోట్లో వేలు పెట్టి చూడండి, ఆ చిగుళ్ళ బలం తెలుస్తుంది. మెత్తగా ఉడికిన దుంప ముక్కను అవి ఇట్టే నలిపేస్తాయి. నాలుకతో ముద్దను పక్కకు తోయడం, దవడను గుండ్రంగా తిప్పడం, నలిగాక వెనక్కి పంపి మింగడం అలవాటుతో వచ్చే పనులు. జారిపోయే పదార్థమే పెడుతూ పోతే ఆ అలవాటు పడే అవకాశం ఉండదు.

ఇంగ్లండులో బ్రిస్టల్ చుట్టుపక్కల 1991, 92లలో పుట్టిన వేలమంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం ఒకటుంది. పలుకులున్న తిండిని తొమ్మిది నెలలు దాటాక గానీ రుచి చూడని పిల్లలు, ఏడేళ్ళ వయసులో కూడా పళ్ళూ కూరగాయలూ తక్కువ తింటున్నారని, తిండి దగ్గర పేచీలు ఎక్కువని అందులో తేలింది. ఆ పిల్లలు ఆ దేశపు పిల్లలే, మనవాళ్ళు కాదు. కానీ నమలడం నేర్చుకునే వయసు దేశాన్ని బట్టి మారుతుందని నేను అనుకోను.

సరే, ఏ మాత్రం మెత్తగా ఉండాలి? ముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. పెద్దగా బలం పెట్టకుండా నలిగిపోతే పెట్టొచ్చు. జారితే, గట్టిగా నిలిస్తే ఇంకా ఉడకాలి. మా వంటింట్లో వేరే కొలత లేదు.

ఇప్పుడు వంట వరస గురించి. అసలు మార్చాల్సింది దీన్నే, చిక్కంతా కూడా ఇక్కడే. మన ఇళ్ళల్లో పప్పు కుక్కర్లో పెట్టేటప్పుడే ఉప్పు, పచ్చిమిర్చి, చింతపండు అన్నీ పడిపోతాయి. కూర సగం మగ్గేసరికే కారం వేసేస్తాం. ఆ తర్వాత "అయ్యో, పాపకు కారం" అనుకుని విడిగా పెసరపప్పు, బియ్యం ఉడకబెట్టుకోవడం మొదలవుతుంది. రోజుకు రెండు వంటలు ఏ తల్లి ఎన్నాళ్ళు చేస్తుంది? అందుకే నేను వరస తిప్పాను. పప్పు పసుపుతో, టమాటాతోనో ఆనపకాయతోనో ఉడుకుతుంది. మూత తీయగానే పాప వాటా గిన్నెలోకి వెళుతుంది. ఆ తర్వాతే ఉప్పు, కారం, పులుసు. బీరకాయ కూరా అంతే, ముక్క మెత్తబడ్డాక పాపకు తీసి, అప్పుడు కారం. ఇడ్లీ పిండిలో ఉప్పు కలిపేముందు రెండు ఇడ్లీలకు సరిపడా పక్కకు తీస్తాను. పెసరట్టు పిండి రుబ్బేటప్పుడు అల్లం, జీలకర్ర మాత్రమే వేసి, పాప అట్టు పోశాక పచ్చిమిర్చి నూరి కలుపుతాను.

కారం వద్దన్నానంటే చప్పిడి తిండి పెట్టమని కాదు. జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు, ధనియాల పొడి, చిటికెడు ఇంగువ, కొత్తిమీర వేసిన తిండి ఏడాది పిల్లలు శుభ్రంగా తింటారు. ఇంటి వంట వాసన వాళ్ళకు అలవాటు కావాల్సిందే. ఉప్పు సంగతి వేరు. ఏడాది నుంచి మూడేళ్ళ పిల్లలకు రోజు మొత్తానికి 2 గ్రాముల ఉప్పు దాటకూడదని బ్రిటన్ ఆరోగ్య శాఖ చెబుతుంది. అంటే అర టీస్పూను కూడా లేదు. మన ఊరగాయ ముక్క, అప్పడం, పచ్చడి, బిస్కెట్, బయటి చిప్స్ తలుచుకుంటే ఆ లెక్క ఎక్కడ దాటుతుందో తెలుస్తుంది. మా అత్తయ్య మొదట్లో "ఉప్పు లేకుండా ఎలా తింటుంది, పాపం" అని బాధపడేవారు. పాపకు ఉప్పు రుచి ఇంకా తెలియదు కదా అత్తయ్యా, తెలియనిదాని కోసం ఎలా బెంగపెట్టుకుంటుంది అన్నాను. ఇప్పుడు ఆవిడే వంటింట్లో "ఆగు, పాపకు తీశావా?" అని అడుగుతున్నారు.

మా ఇంట్లో ఓ మామూలు రోజు ఇలా ఉంటుంది. పొద్దున ఇడ్లీని వేళ్ళంత పొడుగు ముక్కలుగా కోసి పెడతాను, కొంచెం నెయ్యో, కారం లేని కొబ్బరి పచ్చడో రాసి. ఇడ్లీ లేని రోజు పెసరట్టు ముక్కలు, లేదా కూరగాయలు వేసి జారుగా చేసిన ఉప్మా, కట్టుపొంగలి. మధ్యలో పండిన అరటిపండు, బొప్పాయి, కాలం ఉంటే మామిడి. మధ్యాహ్నం పప్పన్నం నెయ్యి వేసి మెదిపి, పక్కన ఉడికిన గుమ్మడికాయో క్యారెటో రెండు ముక్కలు చేతికిస్తాను. సాయంత్రం చిలగడదుంప. ఇంత తేలికైన చిరుతిండి ఇంకోటి లేదు, కుక్కర్లో అన్నంతో పాటే ఉడికిపోతుంది. రాత్రి పెరుగన్నం, లేదా అందరికీ చేసిన జొన్నరొట్టెను పప్పులో నానబెట్టి. మూడు పూటల తిండి, మధ్యలో ఒకటి రెండు చిరుతిళ్ళు, తల్లిపాలు ఇష్టమైనంత కాలం. రాగి సంకటి చేసుకునే ఇళ్ళల్లో బిడ్డకు అదే పెట్టొచ్చు. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యం దాని దరిదాపుల్లో ఉండదు.

నెయ్యి దగ్గర చేయి వెనక్కి లాగకండి. ఏడాది బిడ్డ కడుపు చిన్నది, అవసరం పెద్దది. తల్లిపాలు తాగే బిడ్డకు కూడా రెండో ఏట తిండి నుంచి రోజుకు సుమారు 550 కేలరీలు అందాలి. పప్పు కట్టు, చారు నీళ్ళు, పల్చటి జావ ఆ చిన్న కడుపును నీళ్ళతో నింపేస్తాయి. కట్టు తేటగా పైకి తేలుతుంది, అసలు పప్పు గిన్నె అడుగున ఉండిపోతుంది. ఆ అడుగున ఉన్నదే బిడ్డకు పెట్టాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది రక్తహీనత. 2019 నుంచి 2021 దాకా జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ముగ్గురిలో ఇద్దరు. అదే సర్వేలో, ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లల్లో తగినంత తిండి, తగినన్ని రకాలు, తగినన్ని సార్లు అందుతున్నవాళ్ళు 11.3 శాతమే. ఇదంతా పేదరికం వల్లేనని సరిపెట్టుకోలేం. కారున్న ఇళ్ళల్లో కూడా రక్తం తక్కువ ఉన్న పిల్లలున్నారు. కారణం వాళ్ళ కంచంలోనే కనిపిస్తుంది: పాలు, అన్నం, బిస్కెట్, మళ్ళీ పాలు.

పుట్టినప్పుడు తల్లి నుంచి వచ్చిన ఇనుము నిల్వ ఆరో నెల వరకే పెద్దగా అక్కరకొస్తుంది. ఆ తర్వాత తిండి నుంచే రావాలి. ఆవు పాలల్లో, గేదె పాలల్లో ఇనుము దాదాపు లేనట్టే. పైగా సీసాడు పాలు తాగిన బిడ్డకు అన్నం ఎందుకు సహిస్తుంది? "అన్నం తినడం లేదండీ, అందుకే పాలు ఎక్కువ పడుతున్నాం" అనే తల్లులకు నేను చెప్పేది దీనికి తిరగేసిన మాట: పాలు ఎక్కువయ్యాయి కాబట్టే అన్నం తినడం లేదు. ఏడాది దాటాక రోజుకు అర లీటరు పాలు మించకూడదు, అదీ గ్లాసుతోనే. సీసాకు ఇక సెలవు. టీలో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటు తాతయ్యలకు ఎంత ముద్దుగా ఉన్నా ఆపించాలి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

మరి ఇనుము ఎక్కడుంది? బాగా ఒంటికి పట్టేది మాంసం, చేప, కాలేయంలో. మెత్తగా ఉడికిన కీమా, కోడి కాలేయం చిన్న ముక్క వారానికోసారి (అందులో విటమిన్ ఎ చాలా ఎక్కువ కాబట్టి రోజూ వద్దు), ముళ్ళు తీసిన చేప. ముళ్ళ భయం ఉన్నవాళ్ళకు కొరమీను, వంజరం నయం. అయినా వేళ్ళతో విప్పి వెతికే పెట్టాలి. గుడ్డు రోజూ పెట్టొచ్చు, ఉడకబెట్టి ముక్కలుగానో, ఉల్లిపాయ సన్నగా తరిగి అట్టుగానో. మాంసం, చేప, గుడ్డు లాంటివి ఈ వయసు పిల్లలకు ప్రతిరోజూ అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మన ఇళ్ళల్లో జరిగేది వేరు. కోడికూర వండిన రోజు ఇంటిల్లిపాదీ తింటారు, చిన్నదానికి మాత్రం "అరగదు" అని పెరుగన్నం. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే అందడం లేదు. రెండు రాష్ట్రాల్లోనూ అంగన్‌వాడీ కేంద్రాలు చిన్న పిల్లల పేరున గుడ్లు ఇస్తున్నాయి. ఆ గుడ్డు ఇంటికొచ్చాక పెద్దపిల్లాడి కంచంలోకో నాన్న కంచంలోకో వెళ్ళకుండా చూసుకోవాలి.

శాకాహారులు దిగులు పడక్కర్లేదు, కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టాలంతే. కందిపప్పు, పెసలు, మెత్తగా ఉడికి మెదిపిన శనగలు, అలసందలు, నువ్వుల పొడి, రాగులు, తోటకూర, మునగాకు. వీటిలోని ఇనుము సులువుగా ఒంటికి పట్టదు, విటమిన్ సి తోడుండాలి. పప్పన్నంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. భోజనం తర్వాత గింజలు తీసిన మెత్తటి జామపండు, నారింజ తొనలు పొర తీసి ఇవ్వండి. ఎవరింట్లో ఏం తిన్నా ఒకటి మాత్రం మరవొద్దు: ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు వేయాల్సిన ఐరన్ సిరప్ ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఆశా కార్యకర్తనో ఏఎన్ఎంనో అడగండి.

ఇక భయాల్లో పెద్దది, గొంతుకు అడ్డం పడటం. దీన్ని నేను తేలిగ్గా తీసుకోమనడం లేదు. కానీ రెండు వేరువేరు విషయాల్ని మనం కలిపేస్తున్నాం. కొత్త ముక్క నాలుక మీదికి రాగానే బిడ్డ మొహం ఎర్రబడి, దగ్గి, ఓకరించి, ముక్కను ముందుకు తోసేస్తుంది. చప్పుడు ఉంటుంది. అది ప్రమాదం కాదు, ఒళ్ళు తనను తాను కాపాడుకోవడం. మనం కంగారుపడి వేలు పెట్టి లాగితే ముక్క లోపలికి పోవచ్చు. అసలు ప్రమాదం చప్పుడు లేనిది: దగ్గు రాదు, ఏడుపు రాదు, ఊపిరి ఆడదు, పెదవులు నీలం తిరుగుతాయి. అప్పుడు ఏడాది దాటిన బిడ్డను ముందుకు వంచి, వీపు మీద భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా చరచాలి. ముక్క రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఆనించి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. ఇలా మార్చి మార్చి చేస్తూ ఉండాలి, పక్కనున్నవాళ్ళు 108కి ఫోన్ చేయాలి. ఏడాది లోపు పిల్లలకు పొట్ట మీద నొక్కకూడదు, ఛాతీ మీద నొక్కుతారు. ఇది చదివి ఊరుకోకుండా, టీకాకు వెళ్ళినప్పుడు చేసి చూపించమని డాక్టర్నో నర్సునో అడగండి. మీతో పాటు పాపను చూసుకునే అమ్మమ్మకూ, ఆయాకూ నేర్పండి.

అడ్డం పడే వస్తువులు మన ఇంట్లోనే ఉంటాయి, వాటిని ఇంటిల్లిపాదీ తెలుసుకోవాలి. మన దేశంలో పిల్లల ఊపిరితిత్తుల్లోంచి డాక్టర్లు తీసేవాటిలో ఎక్కువగా ఉండేది పల్లీ గింజ. పల్లీలు, వేయించిన శనగలు, బఠాణీలు, మొక్కజొన్న పేలాలు, పచ్చి క్యారెట్, పచ్చి కొబ్బరి ముక్క, గట్టి చాక్లెట్, జంతికలు, గుండ్రంగా ఉన్న ద్రాక్ష, సీతాఫలం, సపోటా, రేగుపండ్ల గింజలు ఏవీ ఈ వయసుకు వద్దు. ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేస్తే పెట్టొచ్చు. పండక్కి వచ్చిన మేనత్త ప్రేమగా చేతిలో నాలుగు పల్లీలు పెట్టినా, మొహమాటపడకుండా తీసేయాలి. బిడ్డ కూర్చునే తినాలి. పరిగెడుతుంటే వెనకాల ముద్ద పట్టుకుని తిరగడం, పడుకోబెట్టి పోయడం, ఏడుస్తుండగా కుక్కడం, వీటివల్లే ముద్ద పొలమారేది.

అంటే పల్లీలే మానేయాలని కాదు. కారం వేయని పల్లీ పొడి, మెత్తటి పల్లీ పచ్చడి అన్నంలో కలిపి పెట్టాలి. లండన్‌లో జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో, ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పసిపిల్లలకు ఏడాది లోపే పల్లీ పదార్థాలు పెట్టడం మొదలుపెడితే, ఐదేళ్ళకు పల్లీ ఎలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. ఆలస్యం చేస్తే మేలని పెద్దలు అనుకున్నది అక్కడ తిరగబడింది. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) గానీ, గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న బిడ్డకు మాత్రం డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి.

"ఏడాది దాటాక తిండి తగ్గిపోయింది" అనే బెంగ గురించి. తగ్గుతుంది, తగ్గాలి. 3 కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి ఏడాదిలో దాదాపు 9 కిలోలకు వస్తుంది. రెండో ఏడాది మొత్తానికి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల వేగం అంతగా తగ్గినప్పుడు ఆకలీ తగ్గుతుంది. ఒక పూట నాలుగు ముద్దలు తిని, మరో పూట గిన్నె ఖాళీ చేయడం ఈ వయసుకు మామూలు. ఎలెన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతి నాకు చాలా నచ్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ళ పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది బిడ్డ పని. మన ఇళ్ళల్లో "ఇంకొక్క ముద్ద, నాన్న పేరున ఒక్కటి" అనే ప్రేమను నేను తక్కువ చేయను. నేనూ ఆ ప్రేమతో పెరిగినదాన్నే. కానీ బిడ్డ పెదవులు బిగించి తల తిప్పిందంటే చాలని చెబుతోంది. ఆ మాట వినాలి. వంకాయను ఇవాళ ఉమ్మేస్తే వచ్చే వారం మళ్ళీ ఒక ముక్క పెట్టండి, ఆ పై వారం ఇంకోటి. కొత్త రుచిని ఒప్పుకోవడానికి పది పన్నెండుసార్లు చూడాల్సి రావచ్చు.

చేత్తో తిననిస్తే చిందరవందర అవుతుంది, నిజమే. కింద పాత చీర పరిస్తే సరిపోతుంది. మెతుకు మెతుకుగా ఏరుకుని నోట్లో పెట్టుకోవడానికి వేళ్ళు తొమ్మిదో నెలకే సిద్ధమవుతాయి. అమెరికాలో ఉన్న మా చెల్లెలి ఇంట్లో పిల్లలు ప్యాకెట్లోంచి పీల్చుకునే పళ్ళ గుజ్జు చూశాను. ప్రయాణంలో ఎప్పుడైనా ఫరవాలేదు, రోజూ అదే అయితే అదీ మిక్సీ ముద్దే.

డబ్బాల సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో 1992లో చేసి 2003లో సవరించిన చట్టం ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదు. అయినా ఏడాది పిల్లల "గ్రోయింగ్ అప్" పాలపొడి డబ్బాలు షాపుల్లో ముందు వరసలోనే కనిపిస్తాయి. అవి అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మామూలు పాలు చాలు. స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ 2024 ఏప్రిల్‌లో, ఓ అంతర్జాతీయ కంపెనీ తన సొంత దేశంలో చక్కెర లేకుండా అమ్మే పసిపిల్లల సిరియల్‌లో మన దేశంలో చక్కెర కలుపుతోందని బయటపెట్టింది. రెండేళ్ళ వరకు చక్కెర కలపకూడదు. బెల్లం, తేనె కూడా ఆ లెక్కలోకే వస్తాయి. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఆరు నెలలు నిండగానే ఇంట్లో వండిన తిండే మొదలుపెట్టమంటుంది. ఆ డబ్బాకు పెట్టే డబ్బుతో గుడ్లు, చేపలు, పళ్ళు కొనండి.

పిల్లలందరికీ ఇదే దారి కుదరదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, మెడ సరిగ్గా నిలపలేనివాళ్ళు, ఏ ముక్క పెట్టినా ప్రతిసారీ దగ్గి వాంతి చేసుకునేవాళ్ళు, ఏడాదిన్నరకు కూడా మెదిపిన అన్నం మింగలేనివాళ్ళు ఉంటారు. వాళ్ళను బలవంతం చేయకుండా డాక్టరుకు చూపించాలి, మింగడం నేర్పే స్పీచ్ థెరపిస్టులుంటారు. తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల గీత ఉంటుంది, నెలనెలా బరువు అందులో వేయించండి. ఆ గీత పైకి పోతున్నంత కాలం, కంచంలో మిగిలిన నాలుగు ముద్దల గురించి ఎవరేమన్నా బెంగపడకండి. గీత వరసగా రెండు మూడు నెలలు అడ్డంగా సాగితే మాత్రం, పక్కింటివాళ్ళ సలహా కోసం ఆగకుండా ఆ వారమే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.